కాథీ పాడిన పాట ఎవరిది?

సభకు నమస్కారం. అధ్యక్షులవారు నన్ను గురించి చెప్పిన మంచి మాటల్లో సగానికి పైగా వారి అభిమానం వల్ల వచ్చినవే కనుక, వాటిని వారికే అప్పగించి నేరుగా విషయంలోకి వస్తాను.

మనం ఇప్పుడే చూసిన 'సింగిన్ ఇన్ ద రెయిన్'ను హాలీవుడ్ సంస్థ ఎం.జి.ఎం. వారు 1952లో విడుదల చేశారు. కథాకాలం 1927, ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన వార్నర్ వారి మాటలు వినిపించే చిత్రం 'ది జాజ్ సింగర్' మూకీలకు కాలం చెల్లిందని తేల్చింది. మైకును ముందు పొదలోనూ, తరువాత కథానాయిక దుస్తుల్లోనూ దాచినప్పుడు మాటలకు బదులు గుండెచప్పుడు వినిపించడం చూసి మీరందరూ నవ్వారు. అయితే ఈ చిత్రం తీస్తున్న నాటికి టెలివిజను ఇళ్లలోకి వచ్చి, థియేటర్లకు జనం తగ్గుతున్నారు. కొత్త యంత్రానికి జడిసిన పరిశ్రమ పాత యంత్రం నాటి జడుపును తలచుకొని నవ్వుకున్నదన్న మాట.

దీనిపైనే మాట్లాడాలని కాగితాలు రాసుకొచ్చాను. కానీ ముప్పయ్యేళ్లు పరాయి పెదవులకు నా గొంతు అతికించినదాన్ని కనుక, ఆ తెర పైకి లేచి, ముందు పెదవులు మాత్రమే కదుపుతున్న తార లీనాకు బదులు వెనుక పాడుతున్న కాథీ అందరికీ కనబడిన ఘట్టం దగ్గర నా కాగితాలు పక్కకు పోయాయి.

ఎందుకంటే, కీచుగొంతు లీనాకు కాథీ డబ్బింగ్ చెబుతూ పాడిన 'వుడ్ యూ' పాట కాథీ వేషం వేసిన డెబీ రేనాల్డ్స్ పాడినది కాదు. బెటీ నోయెస్ అనే గాయని పాడినది. ఇంతకన్నా వింత ఇంకొకటి ఉంది. లీనా కోసం కాథీ చెప్పినట్టు చూపిన మాటలు లీనా పాత్రధారిణి జీన్ హేగన్ సొంత గొంతులోనివే. మళ్లీ చెబుతాను, మొదటిసారి విన్నప్పుడు నాకూ తలకెక్కలేదు: కీచుగా మాట్లాడిన నటి, తనకు మరొకరు అరువిచ్చినట్టు చూపిన తీయని గొంతును తానే ఇచ్చుకున్నది. ఇక గొంతు దొంగతనాన్ని బట్టబయలు చేసిన ఈ చిత్రపు టైటిల్స్‌లో బెటీ నోయెస్ పేరు లేదు.

మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చినప్పుడు ఎవరి పద్యం వారే పాడుకునే సురభి నటులుండేవారు. గొంతు ఒకరిది, ముఖం ఒకరిది కావడం తరువాతి సంగతి. ఆ తరువాతి సంగతిలోని మనిషిని నేను. ఒక శతదినోత్సవంలో కథానాయికకు 'చక్కని వాచికానికి' షీల్డు ఇచ్చారు. ఆ వాచికం నాది. నిర్మాత పేరు చెప్పను. ఆయన నా పేరు చెప్పలేదని నేనూ చెప్పకపోవడం కాదు, ఆయన ఇప్పుడు లేరు. వెనుక వరుసలో కూర్చొని నేనూ చప్పట్లు కొట్టాను. అలవాటు కొద్దీ, సరిగ్గా ఆవిడ చేతులు జోడించిన క్షణానికి.

ఆపరేటరు గారూ, దయచేసి ఆ డబ్బింగు సన్నివేశాన్ని మరొక్కసారి వేయండి. మీరందరూ ఈసారి కళ్లు మూసుకొని వినండి.