వైన్ బిరడాలతో సాంబారు గిన్నెకి కుదురు

హాయ్ అండీ, ఈ సంచి చూసి కంగారు పడకండి, ఇవన్నీ మేం తాగిన సీసాలవి కావు. మేముండేది కాలిఫోర్నియాలో. పక్కింటావిడ ఇల్లు ఖాళీ చేస్తూ, ఎన్నేళ్ళ నుంచి దాచిందో గానీ, ఈ వైన్ బిరడాలన్నీ తెచ్చి "నువ్వయితే ఏదో ఒకటి చేస్తావు" అని నాకిచ్చి వెళ్ళింది. వీటితో దండలు, ఫొటో ఫ్రేములు, క్రిస్మస్ చెట్లు చాలామంది చేస్తారు. నేనూ ఒక దండ చేశాను, రెండు నెలల్లో దుమ్ము కొట్టుకుపోయింది. అందుకే ఇవాళ రోజూ వాడుకునేది చేద్దాం, వేడి గిన్నె కింద పెట్టే స్టాండ్. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ చూడగానే "ఇది కుదురే కదే, దీనికింత వీడియో ఏంటి" అంది. కరెక్టే, మన వరిగడ్డి కుదురే, గడ్డి బదులు బిరడాలు వచ్చాయంతే.

ముందు బిరడాలు ఏరుకోవాలి. ఈ రెండూ దగ్గరగా చూడండి. ఎడమ చేతిలో ఉన్నదానికి సన్నని చారలు, అక్కడక్కడ చిన్న చిన్న గుంటలు ఉన్నాయి కదా, ఇది అసలైన చెట్టు బెరడు. కుడి చేతిలోది అంతా ఒకే రంగు, గోటితో గీకినా పొడి రాలదు, అంటే ప్లాస్టిక్. వేడి గిన్నె కింద ప్లాస్టిక్ పెడితే కరిగి అంటుకుంటుంది, పక్కన పడేయండి. బెరడు పొడిని జిగురుతో అతికించి చేసినవి కూడా ఉంటాయి, కోసేటప్పుడు విరుగుతాయి, ఉంటే వాడుకోవచ్చు గానీ నాకైతే చిరాకు.

మనకి 10 చాలు. అడ్డంగా సగానికి కోస్తే 20 ముక్కలు. ఎండు బిరడాని మాత్రం కత్తితో కోయకండి, అంచులు పెళ్ళలు పెళ్ళలుగా ఊడిపోతాయి. పది నిమిషాలు ఆవిరి పట్టండి. ఇడ్లీ పాత్ర తీయొద్దండోయ్, వైన్ వాసన పట్టుకుంటే పాత్ర మీదే ఆశ వదులుకోవాలి, ఏదైనా పాతది తీయండి. పోర్చుగల్‌లో ఓక్ చెట్టు నుంచి ఈ బెరడు ఒలిచాక వాళ్ళూ ఉడకబెట్టే బిరడాలు చేస్తారు, అప్పుడే మెత్తబడుతుంది. ఇప్పుడు పళ్ళున్న బ్రెడ్ కత్తితో, నొక్కకుండా, రంపంలా ముందుకీ వెనక్కీ... చూశారా, వెన్నలా తెగింది. ముక్కల్ని రెండు రోజులు ఆరనివ్వండి.

పేర్చడం తేలికే. మధ్యలో 1, చుట్టూ 6, దాని చుట్టూ 12. మొత్తం 19, అడ్డంగా దాదాపు 12 సెంటీమీటర్లు వస్తుంది. ఇంకా పెద్దది కావాలంటే చుట్టూ మరో 18 పెట్టుకోండి.

ఇక అతికించడం. నేను మొదటిసారి, జిగురు కడ్డీని వేడితో కరిగించి పోసే గ్లూ గన్ వాడాను. అందరూ అదే వాడతారు కదా అని. పొయ్యి మీంచి దించిన సాంబారు గిన్నె దాని మీద పెట్టాను, భోజనాలయ్యాక గిన్నె ఎత్తితే అడుగున ఐదారు ముక్కలు వేలాడుతూ వచ్చాయి, మిగతావి టేబుల్ మీద పరుచుకున్నాయి. చుట్టాల ముందు! వేడికి ఆ జిగురు మళ్ళీ మెత్తబడుతుందని అప్పటిదాకా తట్టలేదు.

అందుకే ఇప్పుడు జిగురే లేదు. నీళ్ళ పైపులకి బిగించే స్టీలు పట్టీ, హోస్ క్లాంప్ అంటారు, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. పట్టీ చుట్టూ వేసి స్క్రూ తిప్పుతూ పోండి. 24 మిల్లీమీటర్ల బిరడాని అంతకంటే చాలా సన్నని సీసా మెడలోకి దూర్చినప్పుడు అది బయటికి తన్నుతూ మెడని ఎలా పట్టుకుంటుందో, ఇక్కడ ముక్కలు ఒకదాన్నొకటి అలాగే పట్టుకుంటాయి. ఇదిగో, తలకిందులు చేసి ఊపినా ఒక్కటి రాలడం లేదు.

వేడి టేబుల్‌కి దిగకపోవడానికి కారణం ఈ బెరడు నిండా గాలితో ఉన్న సన్నని గదులు. 1665లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో చూసి "సెల్" అని పేరు పెట్టింది ఇలాంటి గదులకే. అలాగని కాలిన ఇనప పెనం తెచ్చి పెట్టకండి, మాడుతుంది.

విరిగినవి పారేయకండి, పూలకుండీ మట్టి మీద పరిస్తే తడి తొందరగా ఆరదు. ఎరువు గుంతలో వేస్తే మాత్రం కుళ్ళడానికి చాలా కాలం పడుతుంది. ఇంకా చాలా మిగిలితే కొన్ని వైనరీల్లో డబ్బాలు పెట్టి తీసుకుంటారు, వాటిని పొడి చేసి చెప్పుల అట్టలకీ నేల మీద పలకలకీ వాడతారు, మళ్ళీ బిరడాలు మాత్రం కావు. పారేయొద్దని ఎందుకంటున్నానంటే, ఆ ఓక్ చెట్టుకి పాతికేళ్ళొచ్చాక మొదటిసారి బెరడు ఒలుస్తారు, తర్వాత తొమ్మిదేళ్ళకోసారి, అందులోనూ మూడో కోతకి గానీ సీసాకి పనికొచ్చే బెరడు రాదు.

20లో 19 వాడాం కదా, ఒకటి మిగిలింది. మా డైనింగ్ టేబుల్‌కి ఒక కాలు పొట్టి, పల్చని బిళ్ళ కోసి కింద పెట్టాను. అమ్మా, సాంబారు తెచ్చేయ్, ఇప్పుడు ఊగదు.