ఎర్ర గాజు గ్లాసు వయసు అడుగున తెలుస్తుంది

[తెరపై: ముదురు ఎరుపు గాజు గ్లాసు. కోతల్లోంచి రంగులేని గాజు మెరుస్తోంది.]

పాత సామాన్ల షాపులో ఇలాంటిది చేతిలోకి తీసుకోగానే వినిపించే మాట, "నూటయాభై ఏళ్లది సార్, బొహీమియా సరుకు" అని. బొహీమియా అంటే ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం. సరుకు అక్కడిదే కావచ్చు. కానీ రంగు చూసి వయసు చెప్పలేం, ఈ ఎరుపు అక్కడ ఇప్పటికీ తయారవుతోంది.

[క్లోజప్: కోత అంచు మీద భూతద్దం.]

భూతద్దం కోత అంచు మీద పెట్టండి. ఎరుపు చిన్న మెట్టులా మందంగా కనిపిస్తే అది రెండు పొరల గాజు. రంగులేని గాజు వేడిగా ఉండగానే దాని మీద రంగు గాజు ఎక్కించి, చల్లారాక పై పొరను సాన చక్రం మీద కోసేవారు. మంచి ఎరుపు కోసం బంగారాన్నే ఆమ్లంలో కరిగించి గాజులో కలిపేవారు. 17వ శతాబ్దంలో జర్మనీలో యోహాన్ కుంకెల్ అనే గాజు నిపుణుడు ఈ ఎరుపుతో పేరు తెచ్చుకున్నాడు.

మందం ఏమీ లేకుండా రంగు పైపైనే ఉందా? అయితే అది ఎగెర్మన్ దారి. బొహీమియా గాజు పనివాడు ఫ్రీడ్రిక్ ఎగెర్మన్ 1830ల్లో రాగితో ఎర్ర పూత తయారుచేశాడు. పూసి కొలిమిలో కాలిస్తే రంగు గాజు పైభాగంలోకి ఇంకుతుంది. బంగారం ఖర్చు లేదు కాబట్టి సరుకు వెల్లువెత్తింది. జింకలు, కోటలు, ద్రాక్ష తీగలు చెక్కినవి 20వ శతాబ్దంలో కూడా విపరీతంగా చేశారు. నన్నడిగితే, జింక కనిపిస్తే ముందు అనుమానించండి.

[గ్లాసు బోర్లించి, పక్కనుంచి టార్చ్ వెలుగు.]

ఇప్పుడు అడుగు చూద్దాం. నా లెక్కలో అన్నిటికంటే నమ్మదగిన సాక్ష్యం ఇదే. ఏళ్ల తరబడి బల్ల మీద పెట్టి తీసిన గాజుకి, బల్లను తాకే చోట మాత్రమే, అన్ని దిక్కులకూ పోయే సన్నని గీతలు పడతాయి. గీతలన్నీ ఒకే వైపు ఉన్నా, అడుగంతా సమానంగా గరుగ్గా ఉన్నా ఎవరో గరుకు కాగితంతో రుద్దారనుకోవచ్చు. అడుగున "చెకోస్లోవేకియా" ముద్ర ఉంటే వాదనే అక్కర్లేదు. ఆ దేశం పుట్టిందే 1918లో.

పసుపుపచ్చ గాజైతే అతినీలలోహిత టార్చ్ వేసి, ఆకుపచ్చగా మెరవగానే పాతదేనని సంబరపడేవాళ్లు చాలామంది. మెరుపు యురేనియం వల్ల వస్తుంది. యురేనియం గాజు నిన్న మొన్న చేసినదీ దొరుకుతుంది, కాబట్టి దానితో వయసు తేలదు.

[మూడు వస్తువులు పక్కపక్కన.]

ఇక ఇవి దేనికి వాడేవారు? ఈ బరువైన గ్లాసు మీద భవనాల బొమ్మలున్నాయి. కార్ల్స్‌బాద్ లాంటి ఊళ్లలో ఆరోగ్యం కోసం ఊట నీళ్లు తాగడానికి వెళ్లినవాళ్లు గుర్తుగా కొనుక్కున్న గ్లాసు ఇది. ఊరి పేరు కూడా చెక్కి ఉంటే పని ఇంకా సులువు.

ఈ నీలం గిన్నెను చాలామంది వేళ్లు కడుక్కునే గిన్నె అనుకుంటారు. అంచున ఎదురెదురుగా ఉన్న రెండు నొక్కులు చూడండి. ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దం మొదట్లో వైన్ గ్లాసును చల్లటి నీళ్లలో బోర్లించి, దాని కాడను ఈ నొక్కులో ఆనించేవారు. నొక్కులు లేనిదే వేళ్ల గిన్నె.

రెండు వైపులా మూతలున్న ఈ పొడుగాటి సీసా విక్టోరియా కాలం ఆడవాళ్లది. ఒక వైపు అత్తరు, రెండో వైపు కళ్లు తిరిగితే వాసన చూసే ఘాటు లవణం. మూత వెండిదై లంగరు గుర్తు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్ష చేసిన వెండి. పక్కనున్న అక్షరం ఏ ఏడాదో చెబుతుంది. అది మూతకి పుట్టిన ఏడాది. సీసాదీ అదేనా అన్నది, మూత మెడకి బిగువుగా, అతుకు జాడ లేకుండా కూర్చుందో లేదో చూశాకే.