హెల్మెట్‌లో ఫోన్ ఇరికించుకుని మాట్లాడితే మెదడులో ఏం జరుగుతుంది?

[దృశ్యం: మెహిదీపట్నం, సాయంత్రం ఏడు గంటలు. ట్రాఫిక్‌లో ఒక బైకు. హెల్మెట్‌కీ చెంపకీ మధ్య ఇరికించిన ఫోన్.]

నమస్తే. ఈయన్ని ఒకసారి చూడండి. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి. చూపు రోడ్డు మీదే ఉంది. హెల్మెట్ పెట్టుకున్నాడు. ఇంక తప్పేముంది అనిపిస్తుంది కదా? నాకూ చాలా ఏళ్ళు అలాగే అనిపించింది.

ఒకరోజు గచ్చిబౌలి నుంచి ఇంటికొస్తూ ఇలాగే అక్కతో మాట్లాడుతున్నా. ఇంట్లో పెళ్ళి మాటలు, కాస్త గొడవగా ఉంది. ఫోన్ పెట్టేసేసరికి మెహిదీపట్నంలో ఉన్నా. నానల్‌నగర్ చౌరస్తా ఎప్పుడు దాటానో గుర్తులేదు. అక్కడ సిగ్నల్ రెడ్ ఉందో గ్రీన్ ఉందో ఇప్పటికీ చెప్పలేను. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

[దృశ్యం: డ్రైవింగ్ సిమ్యులేటర్ బొమ్మ. రోడ్డు పక్కన హోర్డింగులు.]

అమెరికాలోని యూటా యూనివర్సిటీలో డేవిడ్ స్ట్రేయర్ బృందం సరిగ్గా దీన్నే పరీక్షించింది. 2003లో అచ్చయిన ఆ పరిశోధనలో జనాన్ని సిమ్యులేటర్‌లో, అంటే రోడ్డును తెర మీద చూపించే ఉత్తుత్తి కారులో కూర్చోబెట్టి, హ్యాండ్స్‌ఫ్రీలో మాట్లాడిస్తూ బండి నడిపించారు. చూపు ఎక్కడ పడుతోందో కనిపెట్టే పరికరం పెట్టారు. దారిలో హోర్డింగుల మీద చూపు పడింది. తర్వాత అవే హోర్డింగులు చూపించి అడిగితే, ఫోన్లో మాట్లాడినవాళ్ళు, మాట్లాడనివాళ్ళతో పోలిస్తే చాలా తక్కువ గుర్తుపట్టారు. అంటే కన్ను చూసింది, మెదడు తీసుకోలేదు. మీ ముందున్నది హోర్డింగ్ కాకుండా, డివైడర్ దాటి రోడ్డు మీదికొస్తున్న పిల్లాడైతే?

మరి పక్క సీట్లో మనిషితో మాట్లాడమా అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. పక్కనున్న మనిషికి మీ రోడ్డు కనపడుతుంది. ముందు ఆర్టీసీ బస్సు సడన్‌గా ఆగితే మాట ఆపేస్తాడు, "అన్నా, బస్సు చూడు" అంటాడు. ఫోన్లో ఉన్న మనిషికి ఇవేవీ తెలియవు. మీరు మూసాపేట ట్రాఫిక్‌లో మూడు లారీల మధ్య ఉన్నా, అవతలివాళ్ళు "వింటున్నావా?" అనే అడుగుతారు. వింటున్నామని చెప్పడానికి మన మెదడు రోడ్డును వదిలేస్తుంది.

[దృశ్యం: ఔటర్ రింగ్ రోడ్డు, పైనుంచి.]

కళ్ళు కూడా తిప్పితే ఇంకా దారుణం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు ఫోన్ చూస్తే, 33 మీటర్లు గుడ్డిగా వెళ్ళినట్టు. ఔటర్ మీద 120లో అదే మూడు సెకన్లంటే 100 మీటర్లు. బ్రేకు మీద కాలు పడేది ఆ తర్వాతే.

సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూసుకుంటే ఏం కాదు అనుకునేవాళ్ళకు ఇంకో మాట. 2015లో స్ట్రేయర్ బృందమే కారులో వాయిస్ కమాండ్‌లను పరీక్షిస్తే, పని అయిపోయాక కూడా 27 సెకన్ల దాకా ధ్యాస పూర్తిగా రోడ్డు మీదికి రాలేదని తేలింది. 40 వేగంలో 27 సెకన్లంటే 300 మీటర్లు.

చట్టం సంగతి ఒక్క ముక్కలో: మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, చేత్తో ఫోన్ వాడుతూ బండి నడిపితే 184వ సెక్షన్ కింద మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ. చట్టం చేతిని చూస్తోంది. నా భయమంతా ధ్యాస గురించే.

అందుకే ఈ వీడియో బండి నడిపేవాళ్ళకే కాదు, వాళ్ళకు ఫోన్ చేసేవాళ్ళకు కూడా. ఇంటి నుంచి వచ్చిన ఫోన్ ఎత్తకపోతే కంగారు పడతారనే చాలామంది బండి మీదే ఎత్తుతారు. అవతల హారన్లు వినపడితే మీరే పెట్టేయండి.

[దృశ్యం: రోడ్డు పక్కన ఆపిన బైకు, హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్న మనిషి.]

మొన్న రేతిబౌలి దగ్గర బండి పక్కకు ఆపి అక్క ఫోన్ ఎత్తాను. వెనకాల హారన్లు వినపడ్డాయి కాబోలు. "తొవ్వల ఉన్నవా తమ్మీ? ఇంటికి పోయినంక చెయ్యి" అని, నేను ఆగే ఉన్నానని చెప్పేలోపే పెట్టేసింది.