పెళ్ళికొడుకు నచ్చాడు, సంబంధమే నచ్చలేదు

మరదలు: నమస్తే అండీ. ఈ రోజు ఎపిసోడ్ మా వదిన కోరిక. రెండు నెలలుగా సతాయిస్తోంది.

వదిన: సతాయించలేదు, అడిగానంతే.

మరదలు: రాత్రి పదకొండింటికి వాయిస్ మెసేజ్‌లు పెట్టి అడిగావు. సరే, విషయం ఏంటంటే, లండన్‌లో ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’ అని ఒక మ్యూజికల్, అంటే పాటలతో నడిచే నాటకం, ఉంది. 1986 అక్టోబర్‌లో హర్ మెజెస్టీస్ థియేటర్‌లో మొదలైంది. కోవిడ్‌కి ఏడాది పైన ఆగింది కానీ మళ్ళీ లేచింది. న్యూయార్క్ నాటకాల వీధి బ్రాడ్‌వేలో అయితే 1988 నుంచి 2023 ఏప్రిల్ దాకా 13,981 ప్రదర్శనలు ఆడింది. అంత పెద్ద హిట్టుకి 2010లో రెండో భాగం వేశారు. పేరు ‘లవ్ నెవర్ డైస్’. అందులో ఎవరిని పెట్టుకున్నారు, అభిమానులు ఏమన్నారు, అదీ ఇవాళ్టి కబుర్లు. అప్పుడు మా వదిన లండన్‌లోనే ఉంది.

వదిన: ఉన్నాను. అడెల్ఫీ థియేటర్‌లో అన్నిటికంటే పై బాల్కనీలో, చివరి వరసలో. టికెట్ అదే చవక మరి. అక్కణ్ణించి ఫాంటమ్ ముఖం చూస్తే మాస్కు ఉందో లేదో కూడా తెలియదు. గొంతు మాత్రం తిన్నగా వచ్చి గుండెకి తగిలింది.

మరదలు: ఆగు ఆగు. కథ తెలియనివాళ్ళు ఉంటారు. ముందు మొదటి భాగం రెండు ముక్కల్లో చెప్పు.

వదిన: పారిస్ ఆపెరా హౌస్ కింద నేలమాళిగలో ఒకడు దాక్కుని ఉంటాడు. ముఖం వికృతం, బుర్ర మాత్రం సంగీతంలో మహా మేధావి. కోరస్‌లో ఉండే క్రిస్టీన్ అనే పిల్లకి చాటుగా పాట నేర్పిస్తాడు, ఆమె మీద పిచ్చి ప్రేమ పెంచుకుంటాడు. ఆమేమో రౌల్ అనే కులీనుడి వైపు మొగ్గుతుంది. చివరికి ఫాంటమ్ ఇద్దరినీ వదిలేసి మాయమైపోతాడు. కుర్చీలో మాస్కు ఒక్కటే మిగులుతుంది. తెర.

మరదలు: నేను 2025 మార్చిలో ముంబైలో చూశాను కదా, నీతా ముకేశ్ అంబానీ కల్చరల్ సెంటర్‌కి వచ్చినప్పుడు. ఆ మాస్కు మీద లైటు పడేసరికి నా పక్కావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. అలా ముగిసిపోయిన కథకి రెండో భాగం ఏంటి వదినా అసలు?

వదిన: లండన్‌లో అందరూ అడిగిందీ అదే. పైగా సంగీతం కట్టిన ఆండ్రూ లాయిడ్ వెబర్ ఏమో, ఇది సీక్వెల్ కాదు, దేనికదే విడి కథ అన్నాడు. అవే పేర్లు, అవే మనుషులు, పదేళ్ళ తర్వాత కథ. సీక్వెల్ కాకపోతే మరేంటది?

మరదలు: మన సినిమావాళ్ళూ అంతేగా. సరే, నటుల సంగతికి రా.

వదిన: 2009 అక్టోబర్ 8న ప్రకటించారు. ఎక్కడో తెలుసా? మొదటి భాగం ఆడుతున్న హర్ మెజెస్టీస్‌లోనే. ఫాంటమ్ వేసే రమీన్ కరీమ్‌లూ వచ్చి అందులోని పెద్ద పాట ‘టిల్ ఐ హియర్ యూ సింగ్’ పాడాడు. క్రిస్టీన్‌గా సియెరా బాగెస్ అని చెప్పారు. నా స్నేహితురాలు ఒకావిడ ఉండేది, ఫాంటమ్ అంటే ప్రాణం, సీక్వెల్ మాటెత్తితే చాలు తిట్టేది. ఆ పాట విన్నాక నాకు ఫోన్ చేసి, ‘ఇప్పుడు నేనేం చెయ్యాలి? ఇతనే పాడితే నేను వెళ్ళాలి కదా’ అని గోల.

మరదలు: అంత పేరా అతనికి?

వదిన: పేరు ఒక్కటే కాదు, హక్కు. ఆ మాట ఎందుకు అంటున్నానంటే, ఇతను బయటినుంచి తెచ్చిన స్టార్ కాదు. టెహ్రాన్‌లో పుట్టి కెనడాలో పెరిగాడు. లండన్‌లో ఇదే నాటకంలో ముందు రౌల్ వేశాడు. తర్వాత ముప్ఫై నిండకుండానే ఫాంటమ్ అయ్యాడు. ఇంకో తమాషా, 2004లో వచ్చిన సినిమాలో క్రిస్టీన్ చనిపోయిన తండ్రి ఫోటో ఉంటుంది చూడు, ఆ ఫోటోలో ఉన్నది ఇతనే.

మరదలు: అంటే ఆ అమ్మాయికి తండ్రీ ఇతనే, ప్రియుడూ ఇతనే, భూతమూ ఇతనే!

వదిన: (నవ్వు) అదే మరి. ఇక బాగెస్ కూడా కొత్త మనిషి కాదు. 2006లో లాస్ వెగాస్‌లో ఈ నాటకాన్ని కుదించి వేసినప్పుడు ఆమే క్రిస్టీన్. తర్వాత బ్రాడ్‌వేలో ‘లిటిల్ మెర్మెయిడ్’లో ఏరియల్. అందుకే అభిమానులకి వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. మెట్లెక్కి వచ్చినవాళ్ళు ఇద్దరూ.

మరదలు: వయసు వంక పెట్టలేదా? నాకైతే అదే తట్టింది. మొదటి భాగంలో మైకేల్ క్రాఫోర్డ్ ఫాంటమ్ వేసినప్పుడు ఆయనకి 44. పదేళ్ళు గడిచాయని చెప్పి రెండో భాగంలో 31 ఏళ్ళ కుర్రాణ్ణి పెట్టారు. ఫాంటమ్ అమెరికా వెళ్ళి చిన్నవాడైపోయాడు!

వదిన: రెండో భాగం జరిగేది న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్‌లో కదా, అక్కడి గాలి మంచిది. నవ్వుతున్నా గానీ, అది నిజంగానే నలిగిన మాట. మొదటిసారి చూసినప్పుడు ఫాంటమ్‌లో ఒక పెద్దరికం, గురువు ఛాయ ఉంటుంది. చనిపోయిన తండ్రి పంపిన దేవదూత అని ఆ పిల్ల నమ్ముతుంది కదా. ఆ గురువు స్థానంలో నలభై అంగుళాల ఛాతీతో హీరో వస్తే కథ నడక మారిపోతుంది. అది జాలి కథ కాదు, ప్రేమ కథ అవుతుంది. మరి లాయిడ్ వెబర్‌కి కావలసిందీ అదే అనుకుంటా.

మరదలు: అసలు 1986లో క్రాఫోర్డ్‌ని పెట్టినప్పుడు ఎవరూ ఏమీ అనలేదా?

వదిన: అనకపోవడమా! ఆయన అప్పటికి టీవీలో ఫ్రాంక్ స్పెన్సర్ అనే కామెడీ పాత్రతో ఇంటింటికీ తెలిసినవాడు. బోల్తా కొట్టడం, గోడలు కూల్చడం, అదీ ఆ పాత్ర. మన దగ్గర నవ్వించే నటుణ్ణి తెచ్చి రావణాసురుడి వేషం కట్టించినట్టు. పైగా ముందు అనుకున్నది ఆయన్ని కాదు, స్టీవ్ హార్లీ అనే రాక్ గాయకుణ్ణి. టైటిల్ పాటకి వీడియో కూడా తీశారు హార్లీతో. క్రాఫోర్డ్‌కీ, క్రిస్టీన్ వేసిన సారా బ్రైట్‌మన్‌కీ పాట నేర్పే గురువు ఒక్కరే కావడంతో, అక్కడ ఆయన సాధన చెవిన పడి వేషం దక్కింది. తర్వాత చరిత్ర నీకు తెలుసు, లండన్ నాటకాలకిచ్చే ఒలివియర్ అవార్డు, బ్రాడ్‌వేకిచ్చే టోనీ అవార్డు రెండూ ఆయనకే.

మరదలు: బ్రైట్‌మన్ గొడవ కూడా ఉందిగా.

వదిన: అది చెప్పకపోతే పాపం. అప్పుడు ఆమె లాయిడ్ వెబర్ భార్య. లండన్‌లో ఆడింది, పాడింది, బాగుంది. బ్రాడ్‌వేకి తీసుకెళ్తానంటే అక్కడి నటుల సంఘం ‘ఈక్విటీ’ కుదరదంది. ఈమె అంతర్జాతీయ స్టార్ కాదు, అమెరికా నటి చెయ్యగల పాత్రే అని. ఆమె లేకపోతే నాటకమే రాదని ఈయన పంతం పట్టాడు. చివరికి రాజీ. లండన్‌లో నా తర్వాతి నాటకంలో అమెరికా నటికి ముఖ్యపాత్ర ఇస్తాను అని మాటిచ్చాడు, ఇచ్చాడు కూడా.

మరదలు: అంటే మొదటి భాగానికి నటుల మీద గొడవ, కథ మీద ప్రేమ. రెండో భాగానికి నటుల మీద ప్రేమ...

వదిన: కథ మీద గొడవ. నేను రెండు నెలలుగా చెప్పాలనుకుంటున్నది ఇదే తల్లీ! పెళ్ళికొడుకు నచ్చాడు, పెళ్ళికూతురు నచ్చింది, సంబంధమే నచ్చలేదు.

మరదలు: కథలో అంత తప్పేముంది?

వదిన: 1907, న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్. ఫాంటమ్ అక్కడ ఫాంటాస్మా అని ఒక వినోదాల పార్కు నడుపుతుంటాడు. క్రిస్టీన్ పెద్ద గాయని అయింది, భర్తతో, పదేళ్ళ కొడుకుతో అక్కడికి వస్తుంది. ఇక రౌల్ ఏమయ్యాడో చూడు. తాగుబోతు, జూదంలో అప్పులపాలు. మొదటి భాగంలో ప్రాణాలకి తెగించి మెడకి ఉరితాడు వేయించుకున్న మనిషి! ఆ కొడుకేమో రౌల్ కొడుకే కాదు, ఫాంటమ్ కొడుకు.

మరదలు: అయ్యబాబోయ్. ఎప్పుడు?

వదిన: పెళ్ళికి ముందు రాత్రి అట. మొదటి భాగంలో లేని రాత్రిని తెచ్చి అతికించారు. ఇంకా ఉంది. క్రిస్టీన్ స్నేహితురాలు మెగ్, అమాయకపు పిల్ల, ఆఖరికి తుపాకీ పట్టుకుంటుంది. క్రిస్టీన్ ఆ తూటాకే పోతుంది. మెగ్ వేషం వేసిన సమ్మర్ స్ట్రాలెన్ మంచి డాన్సరు. రౌల్ వేసిన జోసెఫ్ మిల్సన్ మంచి నటుడు, బార్‌లో కూర్చుని పాడే పాటలో నాకు జాలేసింది కూడా. ఎవర్నీ ఏమీ అనలేం. కానీ కొందరు అభిమానులు ‘లవ్ షుడ్ డై’ అని ఉద్యమమే నడిపారు. నాటకాల బ్లాగర్లు వ్యంగ్యంగా ‘పెయింట్ నెవర్ డ్రైస్’ అని పేరు పెట్టారు కదా, అది దేశమంతా పాకింది.

మరదలు: రంగు ఎప్పటికీ ఆరదు! (నవ్వు) అబ్బ, ఘాటుగా ఉంది. పిల్లి సంగతి చెప్పు వదినా, ప్లీజ్.

వదిన: అది 2007లో. లాయిడ్ వెబర్ ఇంట్లో ఆటో అనే పిల్లి పిల్ల. డిజిటల్ పియానో ఎక్కి తొక్కేసరికి ఈ రెండో భాగానికి రాసుకున్న సంగీతమంతా చెరిగిపోయింది. ఆ పిల్లికి విమర్శకురాలిగా ఉద్యోగం ఇవ్వాలని మా స్నేహితురాలి వాదన.

మరదలు: విమర్శకురాలు కాదు, ఆటో మగపిల్లి.

వదిన: అయితే విమర్శకుడు. నువ్వు వీటికి మాత్రం తప్పులు పట్టు.

మరదలు: నాకొకటి అనిపిస్తోంది. మన పద్యనాటకాలు చూడు. ఒకే రాత్రి, ఒకే నాటకం, పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారం సీనుకి ఇంకో కృష్ణుడు. జనం ఏమీ అనుకోరు. పైగా ఏ కృష్ణుడు రాగం బాగా తీశాడో తెల్లారి టీ కొట్టు దగ్గర పందాలు. మా తాతయ్య అయితే పీసపాటి వారి పక్షం.

వదిన: అదే కృష్ణుడు రాయబారానికి వెళ్ళి దుర్యోధనుడితో ‘సరే, రాజ్యం నువ్వే ఉంచుకో’ అంటే?

మరదలు: స్టేజీ మీదకి చెప్పులొస్తాయి.

వదిన: చూశావా. మనిషి మారితే చూడొచ్చు, కృష్ణుడు మారితే చూడలేం. లండన్ అభిమానుల బాధ కూడా అదే. ఫాంటమ్ వేషం పదుల మంది వేశారు. 1990లో లాస్ ఏంజెలెస్‌లో క్రాఫోర్డ్ తర్వాత రాబర్ట్ గియోమ్ వచ్చాడు, 2014లో బ్రాడ్‌వేలో నార్మ్ లూయిస్, ఇద్దరూ నల్లజాతి నటులే. 2021లో లండన్‌లో మళ్ళీ తెరిచినప్పుడు క్రిస్టీన్‌గా లూసీ సెయింట్ లూయిస్, లండన్ నాటకశాలల పేట వెస్ట్ ఎండ్‌లో ఆ పాత్ర వేసిన మొదటి నల్లజాతి నటి. ప్రతిసారీ ఎవరో ఒకరు గొణుగుతారు, కాదనను. గొంతు విన్నాక చాలామంది సర్దుకుంటారు. కానీ రౌల్‌ని తాగుబోతుని చేస్తే ఎంత మంచి నటుడు వేసినా సర్దుకోరు.

మరదలు: మరి ఎన్నాళ్ళు ఆడింది?

వదిన: 2010 మార్చి 9న మొదలు. ఆ ఏడాది చివర్లో కొన్ని రోజులు మూసి, మార్పులు చేసి మళ్ళీ తెరిచారు. 2011 ఆగస్టు 27న ముగిసింది. ఒలివియర్ అవార్డులకి ఏడు నామినేషన్లు, అందులో కరీమ్‌లూ, బాగెస్ ఇద్దరికీ చోటు దక్కింది, చేతికొచ్చింది మాత్రం సున్నా. 2010 నవంబర్‌లో బ్రాడ్‌వే అన్నారు, వాయిదా అన్నారు, ఇప్పటికీ లేదు. 2017లో అమెరికా టూర్ తిరిగింది, అంతే.

మరదలు: పాపం ఆ ఇద్దరూ.

వదిన: పాపమా? విను. అది మూతపడిన ఐదు వారాలకి, 2011 అక్టోబర్ మొదట్లో, రాయల్ ఆల్బర్ట్ హాల్లో మొదటి భాగానికి 25 ఏళ్ళ పండగ చేశారు. ఫాంటమ్ ఎవరు? కరీమ్‌లూ. క్రిస్టీన్ ఎవరు? బాగెస్. రౌల్‌గా హ్యాడ్లీ ఫ్రేజర్. చివర్లో పాత ఫాంటమ్‌లు స్టేజీ ఎక్కారు, సారా బ్రైట్‌మన్ పాడింది, క్రాఫోర్డ్ వచ్చి నిలబడ్డాడు. ఆ రికార్డింగ్ చూసి ఫాంటమ్ అంటే కరీమ్‌లూయే అని స్థిరపడిపోయినవాళ్ళు ఎంతమందో. సీక్వెల్‌కి తెచ్చుకున్న జోడీకి అసలు కథలో పట్టాభిషేకం జరిగింది. మా స్నేహితురాలు అది చూసి నాకు పెట్టిన మెసేజ్ ఒకటే, ‘ఇదీ కథ.’

మరదలు: నువ్వు మాత్రం రెండో భాగం మళ్ళీ చూస్తావు, నాకు తెలుసు.

వదిన: లండన్‌ది ఎక్కడ చూస్తాను? మెల్‌బోర్న్‌లో 2011లో కొత్త దర్శకుడితో వేరేగా వేశారు, దాని డీవీడీ ఉంది. అందులో ఆ పెద్ద పాట మొట్టమొదటే వస్తుంది. అది విని టీవీ కట్టేసి వంట చూసుకుంటాను.

మరదలు: అందులో కరీమ్‌లూ లేడుగా?

వదిన: లేడు, బెన్ లూయిస్. బాగా పాడతాడు. అతనితో నాకేం గొడవ?