ఎర్రమట్టి కింద ఏముంది? పునాదికి ముందు మామయ్యతో మాటలు

మేనకోడలు: నమస్కారం. ఈ వారం ఎపిసోడ్‌లో నా సొంత అవసరం కూడా ఉంది. బెంగళూరు తూర్పు వైపున మేము 30×40 సైటు కొన్నాం. ఇంటి ప్లాను గీయిస్తుండగా మామయ్య ఫోను చేసి, "మట్టి చూపించారా?" అని అడిగారు. చూపించలేదు. అందుకే ఆయననే పిలిచాను. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో మట్టి పరీక్షలు చేస్తున్నారు. మామయ్యా, బెంగళూరు ఎర్రమట్టి గట్టిదని అందరూ అంటారు కదా, మళ్ళీ పరీక్ష ఎందుకు?

మామయ్య: గట్టిదే అమ్మా. లాల్‌బాగ్‌లో కొండరాయి చూశావు కదా, దాదాపు 300 కోట్ల ఏళ్ళనాటిది. ఆ జాతి రాయే ఊరి కింద పరుచుకొని ఉంది. అదే ఎండకూ వానకూ శిథిలమై మొరం అయింది, ఇంకా మెత్తబడి ఎర్రమట్టి అయింది. ఉన్నచోటే అలా పుట్టిన మట్టి మీద రెండంతస్తుల ఇల్లు హాయిగా నిలుస్తుంది. నా భయమంతా లారీలో వచ్చిన ఎర్రమట్టి గురించే.

మేనకోడలు: లారీలోనా?

మామయ్య: ఇది చెరువుల ఊరు. ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండు ఉన్నచోట ధర్మాంబుధి చెరువు ఉండేది. కంఠీరవ స్టేడియం ఉన్నచోట సంపంగి చెరువు ఉండేది. పెద్దవి కాబట్టి పేర్లయినా మిగిలాయి. పూడ్చేసిన కుంటలకు, రాజకాలువల (ఊరి వాననీటిని మోసే పెద్ద కాలువల) పక్కన పల్లపు పొలాలకు పేర్లు కూడా లేవు. ఎక్కడో సెల్లారు తవ్విన మట్టిని తెచ్చి వాటిలో పోస్తారు. అదీ ఎర్రగానే ఉంటుంది. చదును చేసి, హద్దురాళ్ళు పాతితే నీకూ నాకూ తేడా కనిపించదు. రెండడుగులు తవ్వినా ఎరుపే. ఆరడుగుల కింద ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ సంచులు, ఆ కింద చెరువు బంకమట్టి.

మేనకోడలు: అలాంటి ఇల్లు మీరు చూశారా?

మామయ్య: చాలా చూశాను. ఒకటి మాత్రం మరిచిపోలేను. కట్టి రెండు వానాకాలాలే అయింది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు. వెనుక గది తలుపు పడటం లేదు. పునాది పక్కన గుంత తీయించాను. ఇంటి ముందువైపు ఫుటింగులు, అంటే స్తంభాల కింద వేసే వెడల్పాటి కాంక్రీటు పాదాలు, మొరం మీద ఉన్నాయి, వెనుకవి పూడిక మీద. ఇల్లంతా సమానంగా అంగుళం దిగితే గోడకు నొప్పి తెలియదు. ఒక మూల దిగి, రెండో మూల కదలకపోతేనే చీలుతుంది. ఆ ఇంటి పెద్దాయన రిటైరయినప్పుడు వచ్చిన డబ్బంతా అందులోనే పెట్టారు. "ముందే తవ్వి చూడమని ఒక్కరూ చెప్పలేదండీ" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలదు. అందుకే నీకు ఫోను చేశాను.

మేనకోడలు: అమ్మమ్మ ఒక పద్ధతి చెప్పేది. మూరెడు గుంత తవ్వి, ఆ మట్టితోనే పూడిస్తే, మట్టి మిగిలితే మంచి స్థలమట.

మామయ్య: అందులో నిజం ఉందమ్మా. గట్టిగా అదిమి ఉన్న మట్టిని తవ్వితే వదులై పెరుగుతుంది, అందుకే మిగులుతుంది. నేలే వదులుదైతే మట్టి చాలదు. పెద్దలు బాగా గమనించారు. కానీ అది మూరెడు లోతు సంగతే చెబుతుంది. ఐదడుగుల వెడల్పున్న ఫుటింగు బరువు పదడుగుల లోతు దాకా సోకుతుంది. అక్కడ ఏముందో ఆ గుంత చెప్పలేదు.

మేనకోడలు: మరి ఎలా తెలుస్తుంది?

మామయ్య: బోరు వేసి, గొట్టం దింపి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి దాని మీద వదులుతాం. మొదటి 15 సెంటీమీటర్లు లెక్కలోకి రావు. తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో అదే ఎన్ విలువ. ఇసుక నేలలో పది లోపు ఉంటే వదులు, ముప్పై దాటితే గట్టి. పూడికలో నాలుగైదు దెబ్బలకే దిగిపోతుంది. చూస్తుంటేనే గుండె జారుతుంది. భారత ప్రమాణాల్లో ఎకరం స్థలానికి నాలుగు మూలలా, నడుమ ఒకటి చొప్పున ఐదు బోర్లు చెప్పారు, చిన్న ఇంటికి మధ్యలో ఒకటి చాలన్నారు. పల్లంలో ఉన్న సైటయితే నేను ఒకదానితో ఊరుకోను. ఎదురెదురు మూలల్లో రెండు వేయిస్తాను. ఇక్కడ రాయి కూడా ఒక తీరుగా ఉండదు, ఒక మూల నాలుగడుగులకే తగిలి, ఇంకో మూల పన్నెండడుగులకు కూడా తగలకపోవచ్చు.

మేనకోడలు: మన కర్నూలు ఇంటి గోడల పగుళ్ళు కూడా ఇలాంటివేనా?

మామయ్య: అవి వేరు. అది నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి ఇంటిని ఎత్తి దించుతుంది. అక్కడ పది గ్రాముల మట్టిని నీళ్ళలో ఒకసారి, కిరోసిన్‌లో ఒకసారి వేసి, రోజంతా ఉంచి, కిరోసిన్‌లో కంటే నీళ్ళలో ఎంత ఎక్కువ ఉబ్బిందో చూస్తారు. ఉబ్బే నేలకు కింద గంటలా విప్పారిన పైల్సు, అంటే నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు, వేస్తారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాటి మీద ఎంతో పని చేసింది. నీ సైటు పక్కన పాత కుంట ఉంటే అడుగున నల్లని బంకమట్టి దొరకవచ్చు. అప్పుడు ఈ పరీక్ష కూడా చేయిద్దాం.

మేనకోడలు: ఇప్పుడు ఎండాకాలం, నేల గట్టిగా ఉంది. ఇదే మంచి సమయమా?

మామయ్య: పరీక్ష చేయించు, కానీ నీటి మట్టం సంగతి పక్కింటి వాళ్ళను అడుగు. సెప్టెంబరు వానల్లో సంపులోకి ఊట వస్తుందా అని అడుగు. ఇసుక కలిసిన నేలలో నీళ్ళు ఫుటింగు దాకా వస్తే, అది మోసే బరువు దాదాపు సగానికి పడిపోతుంది. పాత సర్వే పటంలో మీ వీధి ఉన్నచోట చెరువో కుంటో ఉండేదేమో కూడా చూడు.

మేనకోడలు: మేస్త్రీ మాత్రం, "ఐదడుగులు తవ్వితే సరిపోతుందమ్మా, ఈ వీధిలో అందరికీ అంతే" అన్నాడు.

మామయ్య: అతని అనుభవాన్ని నేను తక్కువ చేయను. కానీ వీధి అంతటికీ ఒకే నేల ఉండదు. రిపోర్టు వచ్చాకే లోతు నిర్ణయించండి. గుంతలు తవ్విన రోజు నాకు ఫోను చేయి. నేను దిగి గుంత అడుగు చూసేదాకా బెడ్డు కాంక్రీటు, అంటే ఫుటింగు కింద వేసే మొదటి పొర, వేయనివ్వకు.