తడిస్తే జారే బెంచీలు, స్టూళ్ళు, అరుగు బండలు: కొనేముందు ఈ టెస్ట్ చేయండి

నమస్తే అండి. ఆరుబయట వేసుకునే బెంచీలు, స్టూళ్ళు, ఇంటి ముందు అరుగు బండలు వానకి తడిస్తే ఎంత జారతాయో ఈ వీడియోలో చూద్దాం. వీటి మీద కూర్చుని ఊరుకోం కదా, దండెం కట్టాలన్నా, గుమ్మానికి మామిడాకులు కట్టాలన్నా ఎక్కి నిలబడేది వీటి మీదే.

షాపులో చేత్తో తడిమి చూసి కొనేస్తాం. పొడిగా ఉంటే పాలిష్ గ్రానైట్ మీద కూడా కాలు బాగానే ఆగుతుంది, తేడా అంతా నీళ్లు పడ్డాకే. నున్నటి రాయి మీద చెప్పు కింద చేరిన నీళ్లు పక్కకి పోలేవు, ఆ పొర మీదే కాలు జారిపోతుంది.

ఇదిగో, ఈ బండ ముక్క మీద రబ్బరు చెప్పు, దాని మీద ఇటుక పెట్టి ఒక అంచు మెల్లగా లేపుతున్నాను. చెప్పు కదలగానే ఆపి ఫోన్‌లో కోణం చూడటమే. 20 డిగ్రీల దగ్గర జారితే ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంత ఉందో చెప్పే అంకె, సుమారు 0.36. పొడిగా ఒకసారి, నీళ్లు పోసి ఒకసారి, సబ్బునీళ్లతో ఇంకోసారి.

సబ్బునీళ్లలో ముందు జారింది పాలిష్ గ్రానైటే, తర్వాత వార్నిష్ కొట్టిన టేకు చెక్క. ఫ్లేమ్డ్ ఫినిష్ గ్రానైట్ మాత్రం గట్టిగా నిలబడింది. అదీ గ్రానైటే, కాకపోతే మంటతో కాల్చి పైపొర గరుకు చేస్తారు, అరుగుకి నేనైతే అదే వేయిస్తాను. పాలిష్ చేయని తాండూరు బండ కూడా పర్వాలేదు, కానీ పాచి పడితే ఏ బండైనా ఒకటే, వానాకాలంలో బ్రష్‌తో రుద్దాల్సిందే.

ప్లాస్టిక్ స్టూలు కొనేటప్పుడు పైభాగం కంటే ముందు కాళ్ళకి రబ్బరు బుష్‌లు ఉన్నాయో లేదో చూడండి. అవి అరిగిపోతే తడి టైల్స్ మీద స్టూలే పక్కకి పోతుంది, పైన ఉన్న మనిషి ఏం చేయగలరు?

టైల్స్‌కైతే ఆర్ నంబర్ అడగండి, అంటే జారకుండా ఎంతవరకు ఆగుతుందో చెప్పే గ్రేడు. జర్మన్ ప్రమాణం నుంచి వచ్చిన పద్ధతిలో నూనె పోసిన వాలు మీద మనిషిని నడిపించి ఆ నంబర్ ఇస్తారు. ఆర్9 అంటే అందులో అన్నిటికంటే కింది మెట్టు, 6 నుంచి 10 డిగ్రీలే. ఆర్11 అంటే 19 నుంచి 27. ఇంట్లో మనం చూసిన కోణాన్ని దీనితో పోల్చకండి, అది రెండు బండల్లో ఏది మేలో తేల్చుకోవడానికే.

ఇప్పటికే పాలిష్ అరుగు ఉన్నవాళ్ళు మెట్ల అంచుల్లో యాంటీ స్కిడ్ టేప్ అంటించండి. అంచులు లేస్తే అదే కాలికి తగులుతుంది, లేవగానే మార్చేయండి.