చేతి లాంప్‌షేడ్‌ల వ్యాపారం: గుడ్డ కంటే ముందు సైజు తేల్చుకోండి

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్ చేత్తో చేసిన లాంప్‌షేడ్‌లు అమ్మాలనుకునేవాళ్ల కోసం. ఒక షేడ్ చేసి ఇంట్లో పెట్టుకోవడం వేరు, అదే షేడ్‌ని ఇరవై సార్లు ఒకేలా చేసి డబ్బు తీసుకోవడం వేరు. ఈ రెండోదాని గురించి మాట్లాడుకుందాం. ఎక్కడ మొదలుపెట్టాలంటారు?

గెస్ట్: సైజు దగ్గర. చాలామంది గుడ్డ దగ్గర మొదలుపెడతారు, నచ్చిన ప్రింటల్లా కొనేస్తారు. రింగులు, గుడ్డకి ఆసరాగా అంటించే షీటు, గుడ్డ కోత, అట్టపెట్టె, కొరియర్ ఖర్చు, ఇవన్నీ సైజును బట్టి ఉంటాయి. సైజులు ఆరేడు పెట్టుకుంటే ప్రతిదానికీ వేరే సరుకు కొని అటక నింపుకోవాలి. రెండు సైజులతో మొదలుపెట్టండి. 20 సెంటీమీటర్ల వ్యాసం ఒకటి, 30 సెంటీమీటర్లది ఒకటి. రెండూ డ్రమ్ము ఆకారమే, అంటే పైనా కిందా ఒకే వెడల్పు. గుడ్డలు ఎన్ని మార్చినా ఇబ్బంది లేదు.

హోస్ట్: 30 సెంటీమీటర్ల డ్రమ్ముకి సామాను చెప్పండి.

గెస్ట్: రెండు రింగులు. ఒకటి ఉత్త రింగు. రెండోదానికి మూడు చువ్వలు, మధ్యలో హోల్డరు కూర్చునే చిన్న వలయం. రెండింటికీ పౌడర్ కోటింగ్ ఉండాలి. ఉత్త ఇనుప తీగైతే చెమ్మకి తుప్పు పట్టి గుడ్డ మీద గోధుమరంగు గీత పడుతుంది, అది పోదు. తర్వాత ఒకవైపు జిగురుండే లాంప్‌షేడ్ షీటు, మంటను తట్టుకునేదని రాసి ఉన్నదే. 9 మిల్లీమీటర్ల డబుల్ సైడ్ టేపు. కోతకి స్టీలు స్కేలు, రోటరీ కట్టర్ అంటే గుండ్రటి బ్లేడు దొర్లే కత్తి, కింద పరిచే కటింగ్ మ్యాట్. గుడ్డ అంచు లోపలికి దోపడానికి పాత ప్లాస్టిక్ కార్డు చాలు.

హోస్ట్: హోల్డరు వలయం దగ్గర కొత్తవాళ్లు పొరబడుతుంటారు. బీ22, ఈ27 అంటే బల్బు మూతి కొలతలు, 22, 27 మిల్లీమీటర్లు. రింగు మధ్యలో ఉండే రంధ్రం అంతకంటే పెద్దది, అదీ రకరకాలుగా వస్తుంది.

గెస్ట్: అందుకే ఆర్డరు పెట్టేముందు ఒక హోల్డరు కొని, రింగులో దూర్చి చూడాలి. ఇంకో సంగతి. వేలాడే దీపానికైతే వలయమున్న రింగు పైకి వస్తుంది, టేబుల్ లాంప్‌కైతే చాలావరకు కిందికి. గుడ్డ మీద పక్షులో చెట్లో ఉంటే, ఈ తేడా మరిచిపోతే పక్షులు తలకిందులవుతాయి. షీటు వెనకాల పెన్సిల్‌తో పైకి బాణం గుర్తు పెట్టుకోండి. ప్రతి షేడ్‌కీ పెట్టండి, గుడ్డ గీతలదైనా సరే, అలవాటవుతుంది.

హోస్ట్: షీటు ఎంత పొడవు కొయ్యాలి?

గెస్ట్: వ్యాసాన్ని 3.14తో గుణిస్తే చుట్టుకొలత. 30కి 94.2 సెంటీమీటర్లు. అతుకు కోసం ఒక సెంటీమీటరు కలిపితే 95.2. ఇది కాగితం లెక్క. రింగు వ్యాసం ఒక్క మిల్లీమీటరు తేడా ఉంటే చుట్టుకొలత మూడు మిల్లీమీటర్లకి పైగా మారుతుంది, అంటే అతుకులో మూడో వంతు. కాబట్టి కొత్త రింగుల కట్ట రాగానే ఒక సన్నటి కాగితపు పట్టీ చుట్టి, కలిసే చోట గీత పెట్టి, ఆ పట్టీని కొలవండి. కట్టలోంచి నాలుగైదు రింగులు తీసి చూడండి. ఒక షేడ్‌కి పెట్టే రెండు రింగులూ ఒకే కొలతవి కావాలి.

హోస్ట్: ఎత్తు?

గెస్ట్: 30కి 21 సెంటీమీటర్లు కుదురుగా ఉంటుంది. గుడ్డ పైనా కిందా ఒకటిన్నర చొప్పున ఎక్కువ, మొత్తం 24. పొడవు 98 పెట్టుకోండి. గుడ్డకి ముందు ఇస్త్రీ. ముడత మీద షీటు అంటిస్తే ఆ ముడత ఇక పోదు.

గుడ్డని బల్ల మీద బోర్లా పరిచి, పడుగు పోగులు షీటు అంచుకి నిటారుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. ప్రింటు పోగుకి తిన్నగానే ఉంటుందనుకోవద్దు, కొన్ని గుడ్డల్లో ప్రింటే పోగుకి వంకరగా పడి ఉంటుంది. అలాంటప్పుడు ప్రింటు ప్రకారమే వెళ్లాలి, కంటికి కనిపించేది అదే. వంకర మరీ ఎక్కువైతే ఆ గుడ్డ పక్కన పెట్టేయండి. షీటు వెనక కాగితం ఒకేసారి మొత్తం లాగకూడదు. పది సెంటీమీటర్లు తీసి, అరచేత్తో మధ్యనుంచి అంచులకి నిమురుతూ, మళ్లీ పది. గాలి బుడగ కనిపిస్తే అప్పుడే వెనక్కి లేపి సరిచేయాలి.

హోస్ట్: పొట్టి అంచుల దగ్గర?

గెస్ట్: ఒక చివర గుడ్డని షీటుతో సమానంగా కోసేయండి. రెండో చివర గుడ్డ ఒక సెంటీమీటరు మిగిల్చి, టేపుతో షీటు లోపలివైపుకి మడవండి. పైకి కనిపించేది ఈ మడిచిన అంచే, పోగులు ఊడవు. దీన్ని మానేస్తే ఆరు నెలలకి అతుకు దగ్గర దారాలు వేలాడతాయి, కొన్నవాళ్లు ఫోటో తీసి పంపిస్తారు.

హోస్ట్: ఇక దొర్లించడం. ఇక్కడే కదా చేతులు తడబడేది.

గెస్ట్: అవును, నిదానం కావాల్సింది ఇక్కడే. రింగులకి చుట్టూ టేపు వేసి, కాగితం తీశాక, రెంటినీ షీటు రెండు పొడుగు అంచుల మీద నిలబెట్టాలి. మొదలు అతుకు లేని చివర, అంటే సమానంగా కోసిన చివర. రెండు చేతులతో రెండు రింగులనీ ఒకే వేగంతో దొర్లించుకుంటూ పోవాలి. చూపు రింగు మీద కాదు, షీటు అంచు మీద ఉండాలి. రింగు సరిగ్గా అంచు మీదే నడవాలి. రెండు మిల్లీమీటర్లు లోపలికి జరిగితే గుడ్డ దోపినప్పుడు అక్కడ గట్టులా ఉబ్బుతుంది. బయటికి జారితే రింగు గుడ్డ మీద నడుస్తుంది, షీటుకి ఆసరా ఉండదు. ఒక రింగు ముందుకి పోయి ఇంకోటి వెనకబడితే అతుకు ఏటవాలుగా ముగుస్తుంది. తప్పు కనబడితే బలవంతంగా లాక్కురావద్దు. తప్పు మొదలైన చోటి వరకు వెనక్కి లేపి, మళ్లీ నడపండి.

చివరికి వచ్చాక అతుకుని షేడ్ లోపలినుంచి బల్లకి అదిమి నొక్కాలి. ఆ తర్వాత పైన మిగిలిన గుడ్డని రింగు మీదుగా మడిచి, కార్డుతో రింగు వెనక్కి దోపాలి. చువ్వలున్న మూడు చోట్లా గుడ్డకి చిన్న కత్తెర గాటు కావాలి, తీగకి ఒకటి రెండు మిల్లీమీటర్ల ముందే ఆగిపోవాలి. గాటు తీగ దాకా పోతే బయటినుంచి కనిపిస్తుంది.

హోస్ట్: అంటుకోని గుడ్డలు కూడా ఉంటాయి.

గెస్ట్: నీళ్లు నిలవకుండా, మరక పట్టకుండా పూత వేసినవి సరిగా పట్టవు. సాగే గుడ్డ దొర్లించేటప్పుడు సాగి తర్వాత ముడుచుకుంటుంది. మంచివి మధ్యరకం నేత నూలు, నార గుడ్డలు. కొత్త గుడ్డ ఏదైనా పది సెంటీమీటర్ల ముక్క షీటుకి అంటించి, మర్నాడు అంచు లేస్తోందో చూడండి. అదే ముక్కని వెలిగే బల్బు ముందు పట్టుకోండి. పగటి వెలుగులో బంగారంలా ఉన్న గుడ్డ లోపల దీపం పెట్టేసరికి మట్టిరంగుకి తిరగొచ్చు. పల్చటి నేతలో పోగుల మధ్య చుక్కలు చుక్కలుగా వెలుగు కారుతుంది. ముదురు ఎరుపు గోడంతటినీ ఎర్రగా చేస్తుంది. ఇవి తప్పులు కావు, కొనేవాళ్లకి ముందే తెలియాలి, అంతే. అందుకే ప్రతి షేడ్‌కీ రెండు ఫోటోలు ఉండాలి, ఒకటి దీపం ఆర్పి, ఒకటి వెలిగించి. బల్బు 2700 కెల్విన్‌ది, అంటే పసుపు వెలుగిచ్చేది వాడి, ఆ సంగతి ఫోటో కిందే రాయండి. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే రంగులు అబద్ధమాడతాయి.

హోస్ట్: కిందికి వెడల్పయ్యే కోన్ ఆకారం అడిగేవాళ్లు చాలామంది. దాని లెక్క ఒకటి చెప్పేయండి.

గెస్ట్: పైన వ్యాసం 20, కింద 30, వాలు వెంబడి పొడవు 20 అనుకోండి. పెద్ద వ్యాసార్థం అంటే 20 గుణించు 30, భాగించు రెండు వ్యాసాల తేడా 10. వచ్చేది 60. చిన్న వ్యాసార్థం 60 లోంచి 20 తీస్తే 40. కోణం 180 గుణించు 30 భాగించు 60, అంటే 90 డిగ్రీలు. ఒకే మధ్యబిందువు నుంచి 60, 40 వ్యాసార్థాలతో రెండు చాపాలు గీస్తే పావు వలయం వస్తుంది, దానికి అతుకు సెంటీమీటరు కలపాలి. అందరూ తప్పు చేసేది నిలువు ఎత్తు దగ్గర. వాలు 20 అయితే నిలువు ఎత్తు దాదాపు 19.4 మాత్రమే. కొలిచేది వాలునే. కోన్‌లో గుడ్డ వృథా ఎక్కువ, గీతల గుడ్డ అతుకు దగ్గర కలవదు. మొదటి ఏడాది వద్దనే నా మాట.

హోస్ట్: ఇక డబ్బు. గుడ్డ కోత నుంచే మొదలుపెడదామా?

గెస్ట్: అక్కడే డబ్బు మిగిలేది. 140 సెంటీమీటర్ల పన్నా ఉన్న మీటరు గుడ్డ తీసుకోండి. 30 షేడ్‌కి 98 పొడవు, 24 ఎత్తు ముక్క. అడ్డంగా ఒక్కటే పడుతుంది, నిలువుగా నాలుగు. నాలుగు షేడ్‌లయ్యాక పక్కన 42 సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది. ప్రింటు ఎటు తిప్పినా ఒకేలా ఉంటే ఆ పట్టీ నుంచి నిలువుగా ఐదో షేడ్ వస్తుంది. పక్షులుంటే రాదు. అంటే అదే మీటరు నుంచి ఒక ప్రింటుకి ఐదు, ఇంకోదానికి నాలుగు. ధర ఒకటే పెడితే పక్షుల షేడ్ మీద మీకు తక్కువ మిగులుతుంది. 20 షేడ్‌కైతే 66 పొడవు, 21 ఎత్తు. పన్నాలో పక్కపక్కన రెండు, నిలువుగా నాలుగు, మొత్తం ఎనిమిది. గుడ్డ కొనేముందే ఈ లెక్క కాగితం మీద గీసుకోవాలి.

హోస్ట్: ధర ఎలా పెట్టాలి?

గెస్ట్: వెనకనుంచి రండి. దుకాణాలకి హోల్‌సేల్ ఇస్తే, అమ్మే ధరలో దాదాపు సగం వాళ్లదనుకోండి. 100కి అమ్మితే మీ చేతికి 50. ఆ 50లోనే సరుకు, మీ గంటల కూలి, పెట్టె, పాడైన ముక్కలు, లాభం అన్నీ ఉండాలి. నేరుగా అమ్మినా ధర అదే ఉంచండి, లేకపోతే దుకాణం మీతో నిలవదు. మీ కూలి తేలాలంటే ఫోన్‌లో టైమర్ పెట్టి ఆరు షేడ్‌లు ఒక వరసలో చేయండి. ఆరింటికీ కోత, ఆరింటికీ అంటింపు, ఆరింటికీ దొర్లింపు. ఇస్త్రీ, ఫోటోలు, పెట్టెలో పెట్టడం కూడా కలిపి, ఆరుతో భాగించండి. ఒక్కొక్కటీ విడిగా చేసినప్పటి కంటే తక్కువే వస్తుంది.

హోస్ట్: కొరియర్ దగ్గర చాలామందికి లెక్క తప్పుతుంది.

గెస్ట్: షేడ్ బరువు తక్కువ, పెట్టె పెద్దది. కొరియర్లు పెట్టె పరిమాణాన్ని బట్టి బరువు కడతాయి, చాలాచోట్ల పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగిస్తారు. 33, 33, 24 సెంటీమీటర్ల పెట్టె అంటే 5.2 కిలోలు. లోపల గాలే ఎక్కువైనా డబ్బు 5.2 కిలోలకే. అందుకే 20 షేడ్‌ని 30 షేడ్ లోపల పెట్టి జతగా అమ్మడం మంచి ఉపాయం. ఒకే పెట్టెలో రెండు పోతాయి. మధ్యలో మెత్తటి కాగితం పెట్టండి, రింగుకి రింగు రాసుకుంటే కోటింగ్ గీరుకుంటుంది. మీ కొరియర్ ఏ అంకెతో భాగిస్తుందో ముందే అడగండి.

హోస్ట్: భద్రత గురించి మొహమాటం లేకుండా చెప్పాలి.

గెస్ట్: చెప్పాల్సిందే. ప్రతి షేడ్ లోపలా లేబుల్ ఉండాలి, ఎల్‌ఈడీ బల్బు మాత్రమే, గరిష్ఠంగా ఇన్ని వాట్లు అని. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుగుని, సుమారు 800 ల్యూమెన్లని, ఎల్‌ఈడీ 8 నుంచి 10 వాట్లకే ఇస్తుంది. పాత బల్బు కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది, ఆ వేడికి టేపు జారి అతుకు విచ్చుకుంటుంది, షీటు పసుపెక్కుతుంది. దీపాలకి అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60598. అందులో ఎర్రగా కాల్చిన తీగని తాకించే పరీక్ష ఉంది, 650 డిగ్రీల దగ్గర. షీటు అమ్మేవాళ్లని ఆ పరీక్ష కాగితం అడగండి. ఆ కాగితం షీటుకి మాత్రమే, మీరు అంటించిన గుడ్డకి కాదని గుర్తుంచుకోండి. షేడ్ ఒక్కటే అమ్మడం ఒకటి, వైరు, హోల్డరు కలిపి పూర్తి లాంప్ అమ్మడం ఇంకొకటి. లాంప్ అమ్మితే కరెంటు వస్తువు తయారీదారుగా బాధ్యత మీద పడుతుంది. మీ దేశంలో నియమాలు చూసుకుని, బీమా తీసుకున్నాకే ఆ పని పెట్టుకోండి.

హోస్ట్: ప్రింటు గుడ్డల హక్కుల సంగతి కూడా.

గెస్ట్: కొన్ని గుడ్డల కొస అంచు మీద సొంత వాడకానికి మాత్రమే అని ఉంటుంది. అలాంటివి అమ్మకానికి వాడొద్దు. అలా లేకపోయినా, అమ్మకానికి వాడొచ్చని గుడ్డ అమ్మేవాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

హోస్ట్: చివరిగా, కస్టమరే తన గుడ్డ తెచ్చి షేడ్ చేయమంటే?

గెస్ట్: తీసుకోవచ్చు, షరతులు కాగితం మీద పెట్టాకే. షేడ్‌కి కావలసిన దానికంటే పరీక్షకి పది సెంటీమీటర్ల పట్టీ ఎక్కువ తెమ్మనండి. ఉతికి, ఇస్త్రీ చేసి తెమ్మనండి. ఆ పట్టీని షీటుకి అంటించి, ఒక రోజు ఆగి, బల్బు ముందు పెట్టి ఫోటో తీసి పంపండి. సరేనని వాళ్లు జవాబిచ్చాకే మిగతా గుడ్డకి కట్టర్ పెట్టండి. అది వాళ్ల అమ్మ చీరే కావచ్చు, మళ్లీ దొరకదు.